ముసలి తీగ వాళ్ళదైతే గొప్ప, మనదైతే కట్టెలా?



పోయిన వారం మన గుంపులో ఒక సీసా ఫోటో తిరిగింది. ఫ్రాన్స్ ఎర్ర వైన్, సేంద్రియం, ముసలి తీగల ద్రాక్షతో చేసిందట. దాని కింద ఒక తమ్ముడు రాశాడు: "రైతంటే వాళ్ళు. మనవాళ్ళకు మందు కొట్టడం, చెట్టు పీకడం తప్ప ఏం తెలుసు?" (మందంటే పురుగుమందు, సీసాలోది కాదు.) తాగడం మంచిదా చెడ్డదా అన్న పంచాయితీ మేము పెట్టడం లేదు. ఈ మాటకు మాత్రం జవాబు చెప్పకుండా ఊరుకోలేం.

ముందు ఆ సీసా సంగతి. తీగ ముసలిదయ్యేకొద్దీ కాపు తగ్గుతుంది. తక్కువ కాసిన గుత్తుల్లో రుచి చిక్కగా ఉంటుందని వైన్ చేసేవాళ్ళ నమ్మకం. నల్ల ద్రాక్షను తొక్కలతో సహా తొట్టిలో పులియబెడతారు. రంగు, వగరు వచ్చేది ఆ తొక్కల నుంచే. పులిసేటప్పుడు తొక్కలన్నీ పైకి తేలి గట్టిగా కడతాయి. వాటిని మాటిమాటికీ కిందికి అదమాలి, లేదా అడుగు రసం తోడి పైన పోయాలి. తర్వాత పిండి, నిలవ ఉంచుతారు. ఓపిక పనే, ఒప్పుకుంటాం. కానీ 'ముసలి తీగ' అనడానికి ఎన్నేళ్ళు నిండాలో ఫ్రాన్స్ చట్టంలో లేదు. 30 ఏళ్ళ తోటవాడూ రాసుకోవచ్చు, 80 ఏళ్ళ తోటవాడూ రాసుకోవచ్చు.

సేంద్రియమంటే మందే కొట్టరనుకున్నావా తమ్ముడూ? బూజు తెగులుకు అక్కడి సేంద్రియ తోటల్లోనూ రాగి, గంధకం కొడతారు. యూరోపియన్ యూనియన్ లెక్క ప్రకారం హెక్టారుకు 7 ఏళ్ళలో 28 కిలోల దాకా రాగి వాడొచ్చు. మన తాతలు మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టిన బోర్డో మిశ్రమం ఉందే, అదీ రాగి మందే. ఆ పేరే ఫ్రాన్స్‌లోని బోర్డో ఊరిది. 1885లో మిలార్డే అనే శాస్త్రవేత్త దాని గుణం లోకానికి చెప్పాడు. వైన్‌లో సల్ఫైట్ కూడా ఉండొచ్చు. తీపి లేని మామూలు ఎర్ర వైన్‌కు లీటరుకు 150 మిల్లీగ్రాములు, సేంద్రియానికి 100 హద్దు. అంతే తేడా.

ఇక చెట్టు పీకడం. వైన్ అమ్ముడుపోక, 2024లో ఫ్రాన్స్ ప్రభుత్వమే ద్రాక్షతోట శాశ్వతంగా పీకేస్తే హెక్టారుకు 4,000 యూరోలు ఇస్తామంది. ధర లేకపోతే అక్కడి రైతూ పీకుతాడు. కొనేవాడు ఎక్కువ పెట్టిన చోటే ముసలి తీగ నిలుస్తుంది.

అన్నూరు ద్రాక్ష ఊరు కాదు. కానీ కంబం లోయలో, తొండాముత్తూరు వైపు పందిళ్ళు వేసి ద్రాక్ష పెంచినవాళ్ళలో మన చుట్టాలున్నారు. కంబం పన్నీర్ ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాన్ని మనం ఎలా కొంటున్నాం? కిలో మీద పది రూపాయల కోసం బండివాడితో పావుగంట బేరం. గుత్తి మీద చిన్న మచ్చ కనిపిస్తే పక్కన పెట్టేస్తాం. మచ్చ లేని గుత్తి కావాలంటే రైతు ఇంకోసారి మందు కొట్టాల్సిందే. ఆ సీసాకు వేలు పోసినప్పుడు ఎవరైనా బేరమాడారా?

మన ఊరి చుట్టూ తోటలు ప్లాట్లయ్యాయి. అమ్మినవాళ్ళు, కొన్నవాళ్ళు, మధ్యలో కమిషన్ తీసుకున్నవాళ్ళు, అందరూ ఈ గుంపులోనే ఉన్నారు. అత్తిక్కడవు-అవినాశి నీళ్ళ కోసం దశాబ్దాలు అడిగితే, పథకం మొదలైంది 2024 ఆగస్టులో. అంతదాకా బోరు ఎండి తోట వదులుకున్నవాడిని చూపించి 'చెట్టు విలువ తెలియదు' అంటే ఎలా?

పొంగల్ కూటానికి పళ్ళు కొనే పని ఈసారి మాకు ఇవ్వమని సంఘం పెద్దలను అడుగుతున్నాం. కంబంలో సేంద్రియంగా పెంచే తోటను వెతికి, రైతు చెప్పిన ధరకే తెస్తాం. గుత్తుల మీద మచ్చలుంటాయి, ఇప్పుడే చెబుతున్నాం. ఆ తమ్ముడు కూడా తప్పకుండా రావాలి. తెలుగు చదవడం రాని మన పిల్లలకు ఇది ఇంట్లో ఎవరైనా చదివి వినిపించండి.