దుఃఖం జ్ఞానహేతువేనా?

ఆప్తుణ్ణి కోల్పోయిన ఇంటికి పరామర్శకు వెళ్ళిన భక్తజనం తరచుగా పలికే మాట ఒకటి ఉంది. దుఃఖం భగవత్ప్రసాదమట, అది కర్మక్షయం చేసి వివేకాన్ని కలిగిస్తుందట. ఇందుకు ప్రమాణంగా భాగవత ప్రథమస్కంధంలోని కుంతీస్తుతిని చూపుతారు. శ్రీకృష్ణుడు ద్వారకకు పయనమవుతున్న వేళ ఆ తల్లి రాజ్యసుఖాలను కోరలేదు. విపత్తులే మరల మరల రావాలని వేడుకొన్నది. పోతనామాత్యుని పుణ్యమా అని ఆ ఘట్టం తెలుగు ఇళ్ళలో సుపరిచితం. ఆ ప్రార్థన మహోన్నతమైనదే. దానిని పరామర్శవాక్యంగా మార్చడం మాత్రం అపచారం.

కుంతి ఆ విపత్తులను తనకూ తనవారికీ కోరుకొన్నది, పరులకు విధించలేదు. విషప్రయోగం, లక్కయిల్లు, రాక్షసభయం, ద్యూతసభ, వనవాసక్లేశం — ఇన్నింటినీ దాటివచ్చిన స్త్రీ ఆమె. ఉత్తర గర్భాన్ని దహింపవచ్చిన బ్రహ్మాస్త్రం అప్పుడే శమించింది. రక్షించినవాడు ఎదుట నిలిచి ఉన్నాడు. ప్రతి ఆపదలోనూ ఆయన దర్శనం లభించింది గనుక, ఆ దర్శనం కోసం ఆపదను సైతం కోరడానికి ఆమె సిద్ధపడింది. అయిదుగురు బిడ్డలను పోగొట్టుకొన్న ద్రౌపదితో గాని, అభిమన్యుని తల్లి సుభద్రతో గాని ఆమె ఆ మాట అన్నట్లు భాగవతంలో లేదు.

కుంతీస్తుతికి ముందరి అధ్యాయంలోనే ఆ ద్రౌపది కనిపిస్తుంది. నిద్రిస్తున్న ఉపపాండవులను వధించిన అశ్వత్థామను అర్జునుడు పశువును కట్టినట్లు కట్టి తెచ్చి ఆమె ముందు నిలిపాడు. భీముడు వధించవలసిందే అన్నాడు. ద్రౌపది మాత్రం గురుపుత్రునికి నమస్కరించి, విడిచిపెట్టమన్నది. బిడ్డల కోసం తాను ఏడుస్తున్నట్లు ఇతని తల్లి కృపి ఏడవరాదన్నది ఆమె అభ్యర్థన. శోకం నుండి జ్ఞానం పుట్టిందని చెప్పదగిన ఘట్టం పురాణవాఙ్మయంలో ఏదైనా ఉంటే, ఇది దానికి అగ్రగణ్యం.

అయితే మహాభారత సౌప్తికపర్వంలో ఇదే ద్రౌపది, ఇదే శోకంతో, అశ్వత్థామ హతుడు కానిదే లేవనని ప్రాయోపవేశానికి కూర్చున్నది. కల్పభేదమని పౌరాణికులు సమన్వయం చెప్పవచ్చు, చెప్పనీ. విచారింపవలసిన అంశం వేరే ఉన్నది. పుత్రశోకమే స్వయంగా కరుణకు కారణమైతే రెండు చోట్లా కరుణే పుట్టి ఉండాలి. భాగవతంలోని ద్రౌపది దృష్టి తన శోకాన్ని దాటి మరొక తల్లి ఇంటి వాకిటి వరకు వెళ్ళింది. ఆమెను అక్కడికి చేర్చినది శోకం ఒక్కటే అనడానికి వీలు లేదు.

శోకాధిక్యమే జ్ఞానాధిక్యమైతే ధృతరాష్ట్రుని మించిన జ్ఞాని ఉండరాదు. నూరుగురు కుమారులు పోయారు. సంజయుడు ఊరడించాడు, వ్యాసభగవానుడు బోధించాడు. విదురుడు సంసారారణ్యాన్ని వర్ణించి, పాడుబావిలో వ్రేలాడుతూ తేనెబొట్ల కోసం నోరు చాపే మనిషి ఉపాఖ్యానం వినిపించాడు. అంతటి వేదాంతశ్రవణం తరువాత ఆ వృద్ధరాజు చేసిన పని ఏమిటి? కౌగిలింపుకు భీముణ్ణి పిలిచాడు. శ్రీకృష్ణుడు ముందే ఊహించి లోహప్రతిమను ముందుకు నెట్టగా, దానిని భీముడే అనుకొని నుగ్గు చేసి తాను రక్తం కక్కుకొన్నాడు. దుఃఖమూ ఉన్నది, తత్త్వబోధా ఉన్నది. ఆ క్షణంలో జ్ఞానం మాత్రం లేదు.

ప్రాచీన యవనుల విషాదనాటకం కూడా ఈ ప్రశ్నను లోతుగా విచారించింది. క్రీ.పూ. 458లో ఏథెన్సు నగరంలో ఈస్కిలస్ మహాకవి మూడు నాటకాల మాలను ప్రదర్శించాడు. మొదటిదైన ‘అగమెమ్నాన్’లో ఆర్గోస్ నగర వృద్ధుల బృందం, బాధపడి నేర్చుకోవడమే దేవాధిపతి జ్యూస్ మానవునికి ఏర్పరచిన నియమమని గానం చేస్తుంది. ఆ ఒక్క మాటను విడదీసి ఉదాహరించేవారు అనేకులు. నాటకగతి మాత్రం అంత సులభం కాదు. కూతురిని బలి ఇచ్చిన భర్తను భార్య చంపుతుంది. తండ్రి కోసం కుమారుడు తల్లిని చంపుతాడు. రెండు నాటకాలు ముగిసేసరికి బాధ ప్రతీకారాన్నే కన్నది. మూడవ నాటకంలో ఎథీనా దేవత న్యాయసభను నెలకొల్పి ఇరుపక్షాల వాదాన్నీ విన్నది. తీర్పు అనంతరం ఆగ్రహించిన ప్రతీకారదేవతలను ఓర్పుతో అనునయించి వారికి పూజ్యస్థానం ఇచ్చింది. అంతవరకు వృద్ధుల మాట నెరవేరిందనడానికి ఆధారం దొరకదు.

భారతంలో అటువంటి శ్రవణం శాంతిపర్వంలో ఆరంభమవుతుంది. జలతర్పణవేళ కర్ణుడు తన అగ్రజుడని తెలిసి ధర్మరాజు కుప్పకూలాడు. రాజ్యం విడిచి అడవికి పోతానన్నాడు. చివరకు అందరూ అంపశయ్యపై ఉన్న భీష్ముని వద్దకు వెళ్ళారు. ధర్మాలు బోధించమని శ్రీకృష్ణుడు కోరితే పితామహుడు తన అశక్తతను విన్నవించాడు. బాణాల బాధతో దేహం దహించుకుపోతున్నదని, బుద్ధి స్థిరంగా లేదని, మాట పెగలడం లేదని చెప్పాడు. బాధ నుండే జ్ఞానం పుడుతుందన్న సిద్ధాంతానికి ఇంతకన్నా అనువైన ఘట్టం ఉండదు. జగద్గురువు ఆ సిద్ధాంతాన్ని అక్కడ వినిపించలేదు. నొప్పి, మూర్ఛ, దాహం, ఆకలి ఏవీ బాధించవని, బుద్ధి ప్రసన్నమవుతుందని వరమిచ్చాడు. ముందు బాధ తొలగింది; ఆ తరువాతే రాజధర్మ, ఆపద్ధర్మ, మోక్షధర్మాల బోధ సాగింది.

మరునాడు ధర్మరాజు తాతగారి ఎదుటికి రావడానికి సిగ్గుపడ్డాడు. గురువులను, బంధువులను చంపించినవాడినని, శపిస్తారేమోనని భయం. భీష్ముడు శపించలేదు, ఉపదేశమూ వెంటనే మొదలుపెట్టలేదు. దగ్గరకు రానిచ్చి, పాదాలు పట్టిన మనుమని శిరస్సు మూర్కొని, కూర్చోమన్నాడు, భయపడక అడగమన్నాడు. అప్పుడు ధర్మరాజు మొదటి ప్రశ్న అడిగాడు.