మతప్రచారకుని దినచర్య

తెల్లని చొక్కా తొడిగి, రొమ్మున నల్లని పేరుపలక ధరించిన పరదేశపు యువకు లిరువురు బాన్సువాడ అంగడివీధిని నడచివచ్చి, మన యింటి యరుగుముందు నిలిచి, తమ మతమును గూర్చి రెండుమాటలు వినుమని కోరిరనుకొందము. మన మేమి చేయవలెను? తరిమివేయవలెనా? తలయూపి సాగనంపవలెనా? లేక కూర్చుండబెట్టి ఎదురుప్రశ్న లడుగవలెనా? ఇది యూహయే, కాని నిరాధారమైన యూహ గాదు. లోకము మార్మనులని పిలుచు క్రైస్తవశాఖవారు హైదరాబాదున సంఘముగా నేర్పడి చాలకాలమైనది. వారు 'స్టేకు' అని వ్యవహరించు మండలసంఘము భారతదేశమున మొట్టమొదట 2012లో ఆ నగరమునందే స్థాపింపబడినది. హైదరాబాదు వచ్చినవారికి మంజీరాతీరము దూరము గాదు. కావున పరదేశమున మతప్రచారకుని బ్రదుకెట్టిది, అతని విశ్వాసమును తూచు త్రాసేది యని విచారించుట అప్రస్తుతము కానేరదు.

1830లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జోసెఫు స్మిత్తు స్థాపించిన ఈ శాఖకు యూటా రాష్ట్రమందలి సాల్టులేకు నగరము కేంద్రస్థానము. వీరి యువకులు రెండేండ్లును, యువతులు పదునెనిమిది నెలలును ప్రచారమునకు వినియోగింతురు. జీతము లేదు, వ్యయమును తాముగాని తమ కుటుంబముగాని భరింపవలెను. ఏ దేశమునకు పోవలెనో నిర్ణయించునది సంఘము. ఇరువురిరువురుగా మెలగవలెనే గాని ఒంటరిగా తిరుగరాదు. వేకువనే లేచి, ప్రార్థనయు, గ్రంథపఠనమును, భాషాభ్యాసమును ముగించుకొని, పిమ్మట దినమంతయు మనుష్యులను వెదకికొనుచు నడువవలెను. మద్యమును పొగాకునే గాక, చాయను కాఫీని సైతము వారు ముట్టరాదు. గడప దాటి లోనికి వచ్చినవానికి చాయ యందిచ్చుట మర్యాదగా నెంచు మన సీమలో ఈ చిన్న నియమమే పెద్ద పరీక్ష. ప్రేమతో నిచ్చినదానిని వలదనుట యెట్లు? వలదనియు ఇచ్చిన తల్లి మనసు నొవ్వకుండ మాటలాడుట యెట్లు? ఇది యే మతగ్రంథమునను వ్రాసియుండదు. ఇరువదేండ్లయిన నిండని బాలుడు తల్లిదండ్రులను విడిచి, భాష చాలక, మూసిన తలుపులనే చూచి చూచి రాత్రి గదికి మరలివచ్చునపుడు, తాను వచ్చిన పని సత్యమేనా యను ప్రశ్న అతని హృదయమున పుట్టక మానదు. ఆ ప్రశ్నకు మరునాటి యుదయమున లేచి నడుచుటయే అతని సమాధానము. ఇట్టి నియమనిష్ఠను మనము హేళన చేయరాదు. కాని నిష్ఠ యొక్కటియే చాలునా?

చాలదని ఆ శాఖవారి చరిత్రయే చెప్పుచున్నది. వారి ప్రచారకులు మన దేశమున కడుగిడినది నిన్న మొన్న గాదు. 1851లో కలకత్తాకు వారి మొదటి ప్రచారకుడు వచ్చెను. 1853లో రిచర్డు బాలంటైను మొదలగువారు చెన్నపట్టణము చేరిరి. చేత ధనము లేక, దైవమును, ఆతిథ్యమిచ్చువారిని నమ్ముకొని వేలమైళ్లు సముద్రముపై వచ్చిన ఆ పురుషుల ధైర్యము సామాన్యమైనది గాదు. అయినను వారు పెక్కుసారులు ఆశ్రయించినది ఆంగ్లేయ సైనికులను, ఉద్యోగులను. దండు ప్రదేశములలో పలుచోట్ల వారి బోధను అధికారులు నిషేధించిరి. దేశభాషలలో జనుల హృదయమును తాకగల శక్తిని వారు సంపాదింపలేకపోయిరి. వీథిలో నడుచువానితో మాటలాడజాలక, దొరల బంగళాల ద్వారముల ముందు నిలిచిన బోధ ఎంతకాలము నిలుచును? 1856 నాటికి వారి ప్రయత్నము దాదాపుగా ముగిసినది. భాష యెఱుగనివాడు, ఎంతటి భక్తుడైనను, మనయింట పరాయివాడుగానే మిగిలిపోవునని చెన్నపట్టణము వారికి నేర్పిన పాఠము.

ఇక మన ప్రాంతమునకు వత్తము. 2016లో కామారెడ్డి జిల్లా యేర్పడువరకు బాన్సువాడ నిజామాబాదు జిల్లాలోనే యుండెను. ఆ నిజామాబాదునకు 1907లో స్కాట్లండు దేశము నుండి వచ్చిన వెస్లియను మెథడిస్టు శాఖవారి ప్రచారకులలో ఇసబెలు కెర్రు అను వైద్యురాలు, ఆమె భర్త జార్జి కెర్రును గలరు. వీరిది మార్మను శాఖ గాదు, సిద్ధాంతములు వేరు. కాని పరదేశమున ప్రచారకుని దినచర్య యెట్లుండవలెనో చూడగోరువారు ఈ దంపతుల చరిత్రను చూడవలెను. ఆమె వైద్యశాల ద్వారమున నిలిచినవారిలో కుష్ఠరోగులు గలరు. ఊరు వెలివేసినవారు, బావి దగ్గరకు రానీయబడనివారు, సొంత పిల్లలకే దూరమైనవారు. వారికి చోటులేదని యామె యెఱింగెను. మొదట చిన్న శరణాలయము. అది చాలక, నర్సాగౌడు గారను హైందవదాత ధనసాయముతో 1915లో డిచ్‌పల్లిలో ప్రత్యేకముగా కుష్ఠరోగుల వైద్యశాల వెలసినది. క్రైస్తవ వైద్యురాలి శ్రమయు, హిందూ ధనికుని దానమును ఒకచోట గలిసి నిరాశ్రయులకు గూడైనవి. దీనిని మించిన సర్వమత సమ్మేళన మేది?

ఆమె దినములు ఎట్లు గడచెనో తలపోయుడు. ఆ కాలమున కుష్ఠమునకు నమ్మదగిన మందు అడవిబాదపు జాతి గింజల నూనె. దీని దగ్గరి జాతినే మన పూర్వవైద్యులు తువరకమని పిలిచిరి. సుశ్రుతసంహితలో దాని ప్రశంస గలదు. ఆ నూనెను సూదితో కండరములలోనికి ఎక్కింపవలెను. బాధ మిక్కుటము, ఫలితము మెల్లనిది. నేడు వచ్చినవాడు రేపు మానివేయకుండ, వారముల తరబడి, నెలల తరబడి ఓపికతో రప్పించుకొనుట వైద్యమునకంటె కష్టమైన పని. పుండ్లు కడుగుట, కట్లు కట్టుట, మొద్దుబారిన వ్రేళ్లకు పని నేర్పుట. ఆమె ప్రార్థనాగీతములు ఎందరు వినిరో లెక్కింపనక్కఱలేదు. ఎవరును ముట్టని దేహమును ఆమె ముట్టినది. 1932లో మరణించువరకు ఆమె ఆ పనిని విడువలేదు. వినువాని చెవిని తాకిన బోధ మఱవబడును. వ్రణమును తాకిన చేయి మఱపునకు రాదు.

మఱియొక యుదాహరణము. 1977లో పసిఫికు మహాసముద్రమందలి సమోవా ద్వీపమున ఉద్యోగరీత్యా నివసించుచున్న తెలుగు దంపతులు మార్మను మతమును స్వీకరించిరి. మరుసటి యేట వారు తమ బంధువులకు ఆ వార్త చెప్పుటకై ప్రచారకులుగా హైదరాబాదు చేరిరి. వారి మాట విని బంధువులలో ఇరువదిమందికి పైగా బాప్తిస్మము పొందిరి. 1982లో మార్మను గ్రంథభాగములు తెలుగున వెలువడినవి. సముద్రములు దాటివచ్చిన పురుషులు చెన్నపట్టణమున సాధింపలేనిది, ఒక తెలుగు కుటుంబము భోజనపు పంక్తిలో కూర్చుండి తెలుగుభాషలో మాటలాడి సాధించినది. ఈ ఫలితమును మెచ్చువారు మెచ్చుదురు, మెచ్చనివారు మెచ్చరు. ఇందలి కారణమును మాత్రము అందఱును గుర్తింపవలెను.

మనలో కొందఱు, సేవ యను పేరిట మతమార్పిడి జరుగుచున్నదే యని యడుగుదురు. ఈ యాక్షేపణ తోసివేయదగినది గాదు. రోగి మంచమునొద్ద మందును మతమును ఒకే చేతితో నిచ్చినచో, రోగి దేనిని స్వేచ్ఛగా గ్రహించెనో చెప్పుట కష్టము. నిస్వార్థసేవనే చేసి మార్పిడి యాశను విడువుడని మహాత్మాగాంధి ప్రచారకులకు పెక్కుసారులు చెప్పెను. మన రాజ్యాంగపు 25వ అధికరణము మతమును అవలంబించుటకును ప్రచారము చేయుటకును స్వాతంత్ర్య మిచ్చుచున్నది. మఱియొకనిని తన మతములో కలుపుకొను హక్కు అందు చేరదని సుప్రీముకోర్టు 1977లో తీర్పు చెప్పినది. వినుట, వినకుండుట, నమ్ముట, నమ్మకుండుట వినువాని సొత్తు. ఈ హద్దును పాటించు ప్రచారకునికి మన వీధిలో చోటు గలదు. పాటింపనివానికి, అతడు పరదేశివాడైనను స్వదేశివాడైనను, చోటు లేదు.

అయితే ఆక్షేపించు నోటితోనే మనల మనము ఒక ప్రశ్న యడుగవలెను. డిచ్‌పల్లి వైద్యశాలకు స్కాట్లండు నుండి వైద్యురాలు రావలసి వచ్చినదేల? ఆ రోగులు మనవారే. మందుగింజ మన యడవిదే. ధనమిచ్చిన దాతయు మనవాడే. ముట్టు చేయి మాత్రము మనది గాకపోయినది. కాలము మాఱినది. 2005లో కుష్ఠము ప్రజారోగ్యసమస్యగా నిర్మూలింపబడినదని మన ప్రభుత్వము ప్రకటించినది. 1898 నాటి కుష్ఠరోగుల చట్టము 2016లో రద్దయినది. కుష్ఠమును విడాకులకు కారణముగా చూపు నిబంధనలు 2019లో తొలగింపబడినవి. అయినను ప్రపంచమున కొత్తగా గుర్తింపబడు రోగులలో సగమునకు మించినవారు భారతీయులే. చట్టము మాఱినంత త్వరగా మన గుమ్మములు మాఱలేదు. మచ్చ కనబడగనే దాచుకొని, చేతివ్రేళ్లు వంకరవోవువరకు వైద్యుని కడకు పోని బీదవారు పల్లెలలో నేటికిని గలరు.

బాన్సువాడ యువకులారా! పరదేశపు బాలుడు తన మతముకొఱకు రెండేండ్లు సొంతఖర్చుతో, జీతము లేక, భాష రాని దేశమున తిరుగుచున్నాడు. మీకు భాష వచ్చును, దారి తెలియును, నిజాంసాగరు కాలువగట్ల వెంబడి నున్న ప్రతి పల్లెలోను మిమ్ము అన్నా యనియో, బాబూ యనియో పిలుచువారు గలరు. రెండేండ్లు వలదు, వారమునకొక దినము చాలును. మచ్చ గలవానిని వైద్యశాలకు తోడ్కొనిపోవుడు. మందు మానివేసినవానిని మరల మొదలిడునట్లు చేయుడు. వెలివేసినవాని యింట నొకపూట అన్నము తినుడు. మన యరుగుమీదికి వచ్చిన ప్రచారకుని కూర్చుండబెట్టి, మంచినీ ళ్లిచ్చి, అతని మాటలు విని, అతని దినచర్య యేమని యడుగుదము. అతడు మరల మన దినచర్య యేమని యడిగినప్పుడు తలవంచుకొనక ఉత్తర మీయగలుగుదము గాక.