రక్తపరీక్ష: సాక్షియే గాని న్యాయాధిపతి కాదు

2020 ఏప్రిలు మొదటి దినములలో పశ్చిమ గోదావరి జిల్లాలో కోవిడు రోగులు తొలిసారి బయటపడినప్పుడు, ఆ గ్రామముల పట్టికలో పెనుగొండ పేరు గూడ నుండెను. 2023 మే నెలలో ప్రపంచారోగ్యసంస్థ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించెను. భయము తొలగిన ఈ సమయముననే నాటి పొరపాట్లను విచారించుట యుక్తము. అందు రక్తపరీక్షల విషయ మొకటి.

2021 వేసవిలో, జ్వరము తగిలినంతనే, వైద్యుని సంప్రదింపకయే సి.ఆర్.పి., డి-డైమరు, ఫెరిటిను పరీక్షలకు పరుగెత్తినవారు కొల్లలు. ఈ పరీక్షలు వ్యర్థములని మేమనము. సి.ఆర్.పి. దేహమందలి వాపునకు గుర్తు. 1930లో న్యుమోనియా రోగుల రక్తమునందే దానిని మొదట కనుగొనిరి. రక్తపు గడ్డలు కరగునప్పుడు వెలువడు శకలము డి-డైమరు. తీవ్రరోగులలో ఇవి తరచుగా హెచ్చును. కాని ఇతర వ్యాధులలోను ఇవి హెచ్చును. గర్భిణులలోను, వృద్ధులలోను డి-డైమరు సహజముగనే అధికముగ నుండవచ్చును.

ధవళేశ్వరమువద్ద నీటిమట్టము 11.75 అడుగులు చేరిన మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది వెలువడునని మన రైతులెల్ల రెఱుగుదురు. అంకె అవసరమే, కాని ఏ గట్టు బలహీనమో గట్టుమీదికి పోయి చూచినవానికే తెలియును. రక్తపరీక్షయు నట్టిదే. రోగి శ్వాసను, ప్రాణవాయువు పాలును చూడక కాగితముమీది అంకెనుబట్టి చికిత్స చేయరాదు.

ఆ సంవత్సరము మే నెలలోనే ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ డైరెక్టరు డాక్టరు రణదీప్ గులేరియా, వ్యాధి స్వల్పముగ నుండి ప్రాణవాయువు తగ్గనివారికి ఈ పరీక్షలు అనవసరమనియు, అవి భయమునే పెంచుననియు హెచ్చరించిరి. ఆ భయమునకు ఫలమేమి? తొందరపడి స్టెరాయిడులు మ్రింగుట. 2020 జూనులో వెల్లడియైన ఇంగ్లండు పరిశోధనలో డెక్సామెథసోను శ్వాసయంత్రముపై నున్నవారి మరణములను మూడవవంతు తగ్గించెను. ప్రాణవాయువు అక్కఱలేనివారికి మేలు చేయలేదు. మధుమేహము గలవారిలో స్టెరాయిడుల దుర్వినియోగము 2021లో నల్ల ఫంగసునకు దారితీసెను.

కావున ప్రభుత్వము పెనుగొండవంటి ఊళ్ల ప్రజలకు ఈ పరీక్షలను చేరువలోని ప్రభుత్వాసుపత్రులలో ఉచితముగ నేర్పఱుపవలెను. ఏల చేయించుచున్నారో వైద్యులు రోగికి చెప్పవలెను. ధనము గలదని పరీక్షలను కొనుట వైద్యము కాదని సంపన్న గృహస్థులు గ్రహింపవలెను. మరల మహమ్మారి వచ్చుదనుక ఈ సంస్కరణము నిలిచియుండరాదని మా దృఢాభిప్రాయము.