శ్వాస లెక్కపెట్టని పరీక్ష

కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. కాటు దగ్గర వాపు పెద్దగా ఉండదు, నొప్పీ తెలియకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అనో, కళ్లు మూతలు పడుతున్నాయనో సూర్యాపేట జిల్లా పెన్‌పహాడ్ పల్లెల నుంచి ఓ మనిషిని ఆటోలో తెస్తే, ముందుగా చేయి పట్టుకుని చూసేది చాలాసార్లు నర్సే. రెప్పలు వాలుతున్నాయా, తల ఎత్తగలుగుతున్నాడా, ఒక్క ఊపిరిలో ఎంతవరకు అంకెలు చెప్పగలుగుతున్నాడు? ఇవి చూసిన సిస్టర్ డాక్టర్‌ను నిద్ర లేపుతుంది. చూడని సిస్టర్ గ్యాస్ నొప్పనుకుని బెంచీ మీద కూర్చోబెడుతుంది. శ్వాస కండరాలు చచ్చుబడుతున్నా బీపీ మామూలుగానే ఉండొచ్చు.

ఈ ఇద్దరి మధ్య తేడాను మన నర్సింగ్ పరీక్షలు సరిగా పట్టుకోవడం లేదు. ప్రమాదం అక్కడే ఉంది.

కాగితం మీద లోటు లేదు. 2021–22 నుంచి అమలైన బీఎస్సీ నర్సింగ్ సెమిస్టర్ సిలబస్‌లో రోగిని పరిశీలించే నైపుణ్యానికి ప్రత్యేక మాడ్యూలే ఉంది. 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ బృందం ప్రతిపాదించిన 'ఓస్కీ' తరహా ప్రాక్టికల్ పరీక్షకూ చోటిచ్చారు. విద్యార్థులందరినీ ఒకే చెక్‌లిస్టుతో, పని చేయించి చూసే పద్ధతి అది. ఆచరణలో మాత్రం సీనియర్ రికార్డు చూసి జూనియర్ కేర్‌ప్లాన్ ఎక్కించడం, నర్సింగ్ ప్రక్రియలోని ఐదు దశలను వైవాలో గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పడం మామూలైపోయింది. అప్పజెప్పినవాళ్లకే మార్కులు.

ఉద్యోగ పరీక్షా అంతే. తెలంగాణలో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు 2023 ఆగస్టులో జరిగింది కంప్యూటర్ ముందు కూర్చుని జవాబు ఎంచుకునే పరీక్ష. పెద్దల్లో శ్వాస నిమిషానికి 12 నుంచి 20 అని మౌస్ నొక్కి చెప్పొచ్చు. మంచం పక్కన నిలబడి నిమిషం పాటు ఛాతీ కదలికను లెక్కపెట్టడం వచ్చో రాదో ఆ నొక్కుడు చెప్పదు.

శ్వాస మీదే ఇంత పట్టు ఎందుకంటే, ఒళ్లు చెడుతోందని చాలాసార్లు ముందుగా చెప్పేది అదే. 2012లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ రూపొందించిన ముందస్తు హెచ్చరిక పట్టికలో శ్వాస 25కు చేరితే ఆ ఒక్కదానికే మూడు పాయింట్లు పడతాయి, రోగిని వెంటనే చూడాలి. లెక్కపెట్టకుండా కేస్ షీట్‌లో 18 వేసుకుంటూ పోయే చేతికి ఆ హెచ్చరిక ఎన్నటికీ అందదు. అమెరికా వెళ్లాలనుకునే మన పిల్లలు అక్కడి నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్‌లో 2023 ఏప్రిల్ నుంచి రోగి లక్షణాలు చూసి నిర్ణయం తీసుకునే ప్రశ్నలకు తయారవుతున్నారు. సూర్యాపేట, కోదాడ వార్డుల్లో ఉండిపోయేవాళ్లకు గైడు పుస్తకం చాలట!

కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, నర్సింగ్ కౌన్సిల్ చేయాల్సింది ఖర్చులేని పని. తుది ప్రాక్టికల్ వార్డులో, నిజమైన రోగి దగ్గర, ఆ రోగి ఒప్పుకోలుతో జరగాలి. విద్యార్థిని రాసిన శ్వాస అంకె పక్కనే, బయటి ఎగ్జామినర్ అదే నిమిషంలో స్వయంగా లెక్కపెట్టిన అంకె రాయాలి. రెండింటికీ పొంతన లేకపోతే, థియరీలో ఎన్ని మార్కులొచ్చినా మళ్లీ క్లినికల్ పోస్టింగ్‌కు పంపాలి. ఉత్తీర్ణత శాతం పడిపోతుందని యాజమాన్యాలు అభ్యంతరం చెబుతాయి. రెండేళ్లు పడిపోనివ్వండి.