గాజుపెట్టెలో గుత్తి తొర్ర

ఢిల్లీలో టరాంటులాను పెంచాలంటే ముందు వాతావరణాన్ని జయించాలి. ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, చలి 5 డిగ్రీలకు దిగుతుంది. తర్వాత పెట్టె. నేలలో బొరియ తవ్వే జాతులకు వెడల్పాటి పెట్టె, లోతుగా మట్టి కావాలి. ఎత్తు ఎక్కువైతే జారిపడి పొట్ట పగిలి చనిపోతాయి. చెట్టెక్కే జాతులకు లెక్క తారుమారు: నిలువు పెట్టె, నిలబెట్టిన బెరడు, పక్కన గాలి రంధ్రాలు, చిన్న గిన్నెలో నీళ్లు.

ఇదంతా చెట్టుతొర్రకు నకలు. అసలు తొర్ర ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన నీలి టరాంటులాను పోకాక్ 1899లో వర్ణించాడు. అది మళ్లీ కనిపించింది 2001లో, నంద్యాల-గిద్దలూరు అడవిలో. ఈలోగా కాదు గానీ, ఆ తర్వాత విదేశీ పెంపకందార్ల పెట్టెల్లో దాని సంతతి పెరిగింది. సొంత అడవిలో మాత్రం 2008 నాటికే తీవ్ర ముప్పు జాబితాకెక్కింది.

2019లో ఆ ప్రజాతి మొత్తం అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం 'సైటిస్' పరిధిలోకి వచ్చింది. అలాంటి జీవులను ఉంచుకునేవారు నమోదు చేసుకోవాలని కేంద్రం 2024లో నిబంధనలు తెచ్చింది. ఢిల్లీలో కాగితాలు, పెట్టె సరిగ్గా ఉండొచ్చు. గిద్దలూరు దారిలో ముసలి చెట్టు కూలితే, దాని తొర్రను ఏ పెట్టే తిరిగి తేలేదు.