మేనమామనూ అడగండి

భద్రాచలం దాటి అడవి మొదలయ్యే చోట, వానాకాలం వచ్చిందంటే హాస్టళ్ళలో గజ్జి మొదలవుతుంది. ఒకడి వేళ్ళ సందుల్లో పుట్టింది, పక్కన పడుకున్న నలుగురికీ పాకుతుంది. గోకితే పుండు, పుండులో చీము. దాన్నెవరూ జబ్బు కింద లెక్కపెట్టరు. మూడు నుంచి ఆరు వారాలకు, ఒక పొద్దున పిల్లవాడు ఉబ్బిన కళ్ళతో లేస్తాడు. మూత్రం పాలు పోయని టీలా ఉంటుంది. పుండులోని స్ట్రెప్టోకాకస్‌తో ఒళ్ళు చేసిన పోరు కిడ్నీ జల్లెళ్ళను వాచేలా చేసిందన్నమాట. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది.

ఆ పిల్లవాడికి రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫీలియా కూడా ఉంటే సంగతి వేరు. ఈ జబ్బున్న పిల్లలకు ఏ ఇన్ఫెక్షనూ లేకుండానే అప్పుడప్పుడు మూత్రం ఎర్రగా వస్తుంది. తల్లికి అది అలవాటే. ‘మళ్ళీ వచ్చింది’ అనుకుంటుంది. కళ్ళ ఉబ్బు సంగతి ఎవరికీ పట్టదు, బీపీ ఎవరూ చూడరు. నా లెక్కలో అసలు భయం ఆ బీపీతోనే. రక్తం గడ్డకట్టని పిల్లవాడికి అది మెదడులో రక్తస్రావం దాకా తీసుకుపోగలదు.

మందులూ తిరగబడతాయి. పుండ్లకని పిరుదుకు పెన్సిలిన్ సూది పొడిస్తే కండ లోపల నెత్తురు చేరుతుంది. నొప్పికిచ్చే డైక్లోఫెనాక్ రక్తాన్ని ఆగనివ్వదు, కిడ్నీని ఇంకాస్త దెబ్బతీస్తుంది. రక్తం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ మంచిదే కదా అంటే, కిడ్నీ నుంచి నెత్తురు వస్తున్నప్పుడు గడ్డలు అడ్డంపడి మూత్రనాళం మూసుకుపోవచ్చు. ఆర్‌ఎంపీల మీద నాకు కోపం లేదు. అర్ధరాత్రి తలుపు తీసేది వాళ్ళే. వాళ్ళకు ఈ మూడు ముక్కలూ ఎవరైనా చెప్పారా అన్నదే నా ప్రశ్న.

నెత్తుటి విరేచనాల తర్వాత వచ్చే కిడ్నీ జబ్బుది ఇంకో చిక్కు. కొన్ని షిగెల్లా, ఈ-కోలై రకాలు వదిలే విషం రక్తనాళాల గోడల నుంచి వాన్ విలబ్రాండ్ ఫ్యాక్టర్‌ను బయటికి తోస్తుంది. ప్లేట్‌లెట్లు దానికి అతుక్కుని కిడ్నీలోని సన్నటి నాళాలను మూసేస్తాయి. 1926లో ఫిన్లాండ్ వైద్యుడు ఎరిక్ వాన్ విలబ్రాండ్ ఆలండ్ దీవుల్లోని ఒక కుటుంబం గురించి రాసిన మరో నెత్తురాగని జబ్బు, ఆ ఫ్యాక్టర్ పుట్టుకతోనే కొరవడటం. కొరవడింది కాబట్టి కిడ్నీకి మేలే అనుకుని ధీమాగా కూర్చోవడానికి లేదు. ప్లేట్‌లెట్లూ పడిపోతే, డయాలిసిస్‌కు మెడ నరంలో గొట్టం వేయడమే గండం.

2023 జులైలో సికిల్ సెల్ మిషన్ మొదలైంది. గిరిజన ప్రాంతాల్లో ఆ పరీక్షకు పిల్లల వేళ్ళు పొడుస్తున్నారు. హీమోఫీలియా దానికి దొరకదు. పైగా మోసపుచ్చుతుంది: వేలి పోటు దగ్గర నెత్తురు మామూలుగానే ఆగిపోతుంది, కీళ్ళలో, కండల్లో కారేదే ఆగదు. కాబట్టి పొడిచేటప్పుడే తల్లినొక మాట అడగాలి. ‘మీ అన్నదమ్ములకు పన్ను పీకినప్పుడు నెత్తురు ఆగిందా? మోకాళ్ళు ఊరికే వాచేవా?’ మగపిల్లలకు హీమోఫీలియా దిగేది తల్లి వైపు నుంచే. ఆ జబ్బున్న మేనమామకే మేనకోడల్ని ఇచ్చి చేస్తే, పుట్టే ఆడపిల్లకూ రావచ్చు.

సికిల్ సెల్ పరీక్ష కార్డు వెనక తల్లి చెప్పే ఆ జవాబు రాసేంత చోటు ఉంటే చాలు.