కమ్మాయి కట్ట మీద ముందు నీళ్లు, తర్వాత కాళ్లు, ఆ తర్వాతే చక్రాలు

కారియాపట్టిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ కమ్మాయి (చెరువు) కట్ట మీద నడిచేవాళ్లకి, పరిగెత్తేవాళ్లకి, ముఖ్యంగా ఆ కట్ట మీద గేరు సైకిలు తొక్కే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఈ విన్నపం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బళ్లో తమిళం చదువుకున్నవాళ్లమే మనలో ఎక్కువ. కాగితం వెనకవైపు ఇదే తమిళంలో ఉంది, కావలసినవాళ్లకి ఆ వైపు తిప్పి చూపండి.

సైకిళ్లని కట్ట మీదికి రానివ్వకూడదని కొందరు పెద్దలంటున్నారు. కమ్మాయి ఊరుమ్మడి సొత్తు, ఆపడానికి మీరెవరని కుర్రవాళ్లు అడుగుతున్నారు. కుర్రవాళ్ల ప్రశ్న సరైనదే. పెద్దల భయమూ ఉత్తది కాదు. సైకిళ్లు కట్ట మీద ఉండాలి, అయితే వరసలో ఆఖరున ఉండాలి అన్నది మా మాట.

తెల్లవారుజామున కట్ట మీద ఎవరెవరుంటారో మీకు తెలిసిందే. షుగరుందని డాక్టరు నడవమంటే వచ్చిన అత్తలూ మామలూ ఉంటారు. పోలీసు పరీక్షకి తయారయ్యే అబ్బాయిలు, అమ్మాయిలు ఉంటారు. మగపిల్లలు 1500 మీటర్లు 7 నిమిషాల్లో ముగించాలి, మైదానం దగ్గరలో లేనివాళ్లకి ఈ కట్టే మైదానం. కాస్త పొద్దెక్కితే ఉపాధి పనికి వెళ్లే ఆడవాళ్లు, మేకలు, వాటి వెనక మేకలవాడు. ఇంకాస్సేపటికి సర్కారిచ్చిన సైకిళ్ల మీద పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు. వీళ్లందరి మధ్యలోంచి గేరు సైకిలు దూసుకొస్తుంది. మేకకి బెల్లు అర్థం కాదు. చెవిలో పాట పెట్టుకుని పరిగెత్తే పిల్లవాడికి వినబడదు. ముసలాయనకి వినబడినా ఏ పక్కకి తప్పుకోవాలో తోచక సరిగ్గా సైకిలుకి ఎదురుగానే అడుగేస్తాడు. ఆయన తప్పేమీ లేదందులో, వెనకనుంచి వచ్చేవాడిదే బాధ్యత.

అందుకని వేగానికి మన ఊరి కొలతే ఒకటి పెట్టుకుందాం. 7 నిమిషాల్లో 1500 మీటర్లంటే గంటకి దాదాపు 13 కిలోమీటర్లు. పోలీసు పరీక్షకి పరిగెత్తేవాడిని దాటేంత వేగం కట్ట మీద ఏ సైకిలుకీ అక్కర్లేదు. నడిచేవాళ్లు కనబడితే అదీ తగ్గించి, పది అడుగుల దూరంనుంచే “అత్తా, కుడిపక్కన వస్తున్నా” అని నోటితో చెప్పి, మెల్లగా దాటాలి. మేకలొస్తే దిగి నిలబడాలి. వేగం కావాలనుకునే తమ్ముడికి కమ్మాయి లోపలి బండ్లబాటలు, బీడు పొలాల గట్లు ఉన్నాయి. పొలంవాళ్లని ఒక్కమాట అడిగి అక్కడ ఎంతైనా తొక్కుకోవచ్చు.

మనుషులకంటే పెద్ద సంగతి కట్ట. మనది కరిసల్ (నల్లరేగడి) నేల, కి. రాజనారాయణన్ గారు కథల్లోకెక్కించిన నేల. ఎండకి నెర్రెలిస్తుంది, వానకి జిగటగా మారుతుంది. తడి కట్ట మీద సైకిలు తొక్కితే టైరుకి మట్టి ముద్దలుగా అంటుకుని ఫోర్కులో ఇరుక్కుంటుంది, చక్రం తిరగదు. అయినా మనవాడు ఊరికే దిగడు, లేచి నిలబడి మరీ తొక్కుతాడు. వెనక వేలెడు లోతు గాడి పడుతుంది. రెండు రోజుల ఎండకి ఆ గాడి కాల్చిన ఇటుకలాగ గట్టిపడుతుంది, చీకట్లో నడిచేవాళ్ల మడమ మడతపడేది అందులోనే. మళ్లీ వాన పడిందంటే నీళ్లు ఆ గాడి పట్టుకుంటాయి. కట్ట నెత్తిన పడ్డ వాన రెండు పక్కలకీ పలచగా జారిపోవాలి. గాడిలో కూడిన నీరు అలా జారదు. వాలు దొరికిన ఒక్కచోటే దిగి, దిగినచోట మట్టి కోస్తుంది. మనకి వానలొచ్చేది అక్టోబరునుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. కమ్మాయి నిండేదీ, కట్ట మీద బరువు పడేదీ ఆ నెలల్లోనే.

ఇంకా చెడ్డపని వాలు మీంచి దూకడం. తూము దగ్గరో కలుంగు (అలుగు) పక్కనో నిటారుగా ఉన్నచోటు చూసుకుని, ఫోను పట్టుకునేవాడిని కింద నిలబెట్టి, పైనుంచి దిగుతారు. బ్రేకు పడగానే వెనక చక్రం ఈడ్చుకుపోయి గడ్డిని వేళ్లతో సహా లేపేస్తుంది. వాలు మీద మట్టిని పట్టి ఉంచేది ఆ గడ్డే. కట్ట నెత్తిన పొడిలో నెమ్మదిగా పోయే వంద సైకిళ్లు చేయని నష్టం వాలు దూకే నాలుగు సైకిళ్లు చేస్తాయని మా అభిప్రాయం.

దీనికి చదువుకున్న తమ్ముళ్ల దగ్గర ఒక జవాబుంది, దాన్ని దాచడం మర్యాద కాదు. 1994లో అమెరికాలోని మొంటానాలో విల్సన్, సేనీ అనే ఇద్దరు పరిశోధకులు కొండదారుల మీద గుర్రాలని, మనుషులని, మోటారుసైకిళ్లని, సైకిళ్లని నడిపించి ఎంత మట్టి కదిలిందో కొలిచారు. తడిపిన దారిమీద చక్రాలకంటే గిట్టలూ కాళ్లే ఎక్కువ మట్టి కదిలించాయి. కాబట్టి సైకిలొక్కటే కట్టని పాడుచేస్తోందని ఎవరన్నా అంటే మేమూ ఒప్పుకోం. మేకలూ, మనమూ, కట్ట మీద ట్రాక్టరు ఎక్కించేవాళ్లూ అందరం పాడుచేస్తున్నాం. కానీ అక్కడ దారి చెడితే చెడేది దారి. ఇక్కడ దారే ఆనకట్ట. తెగితే ఒక ఏడాది పంట నీళ్లు ఒక రాత్రిలో పోతాయి.

ఇలా కలిసి వాడుకోవడం మనకే వచ్చిన తంటా అనుకోవద్దు. కాలిఫోర్నియాలో మరిన్ కౌంటీ ఈ కొండ సైకిళ్లకి పుట్టిల్లు, 1976లో రీప్యాక్ అనే సైకిలు పందేలు మొదలైంది అక్కడే. టమల్‌పయస్ కొండ మీద చాలా దారులు తాగునీటి సంస్థ భూమిలో, జలాశయాల చుట్టూ ఉన్నాయి. సైకిళ్లని రానిచ్చే వెడల్పు మట్టిరోడ్ల మీద గంటకి 15 మైళ్లు, అంటే 24 కిలోమీటర్లు దాటకూడదు. మనుషుల పక్కనుంచి పోయేటప్పుడూ, ఎదర కనబడని మలుపుల్లోనూ 5 మైళ్లే. ఇంగ్లండులో 1968 నాటి కంట్రీసైడ్ చట్టం గుర్రపుదారుల మీదికి సైకిళ్లని అనుమతించిన సెక్షన్‌లోనే, నడిచేవాళ్లకీ గుర్రాలవాళ్లకీ సైకిలువాడే దారి ఇవ్వాలని రాసింది.

మరి పెద్దలు అడిగినట్టు పూర్తిగా ఆపేస్తే ఏం పోతుంది? బడికి పోయే ఆడపిల్ల దారి పోతుంది. తమిళనాడు సర్కారు 2001లో దళిత, ఆదివాసీ బాలికలకి సైకిళ్లివ్వడం మొదలుపెట్టింది, తర్వాత సర్కారు, ఎయిడెడ్ బళ్లలో పదకొండో తరగతి పిల్లలందరికీ ఇచ్చింది. అంతకు పదేళ్ల ముందే పుదుక్కోట్టై జిల్లాలో అరివొళి అక్షరాస్యతా ఉద్యమం వేలమంది ఆడవాళ్లకి చదువుతోపాటు సైకిలూ నేర్పింది. అప్పుడూ నవ్వినవాళ్లున్నారు, ఆపాలన్నవాళ్లున్నారు. కట్ట మీద ‘సైకిళ్లకి ప్రవేశం లేదు’ అని బోర్డు పెడితే యాభై వేల రూపాయల గేరు సైకిలువాడు ఇంకో దారి చూసుకుంటాడు, చిక్కేది బడిపిల్లే. ఆపవలసినవి మోటారు బళ్లు. గంటకి 25 కిలోమీటర్లు మించని చిన్న బ్యాటరీ బండికి లైసెన్సు అక్కర్లేదని నిబంధనలున్నాయి కదా అంటారేమో. అది రోడ్డు సంగతి. పొలం పనికి తప్ప కట్ట మీదికి ఏ మోటారూ రాకూడదు.

గొడవకి అసలు మూలం ఇంకొకటుంది, అది సీమకరువేలం అనే ముళ్లచెట్టు. రెండు పక్కలా ముళ్లు కమ్ముకొచ్చి బండి పట్టే దారి కాలిబాటగా మిగిలిన చోటే మనిషీ సైకిలూ ఢీకొంటాయి. (ఆ ముల్లు గుచ్చుకుని ట్యూబు పోయిన ప్రతి తమ్ముడూ ఈ ఒక్క విషయంలో మన పక్షమే.) దక్షిణ జిల్లాల్లో దీన్ని తొలగించాలని మద్రాసు హైకోర్టు మదురై బెంచి 2017లో ఆదేశాలిచ్చింది. ఎంత నరికినా చిగురిస్తూనే ఉంది. దారి అంచున ఏటా వానలకి ముందు నరకాలి. కట్ట వాలు మీద వేళ్లు పెకలించే పని మాత్రం వానల ముందర పెట్టుకోకూడదు, వదులైన మట్టి నీళ్లపాలవుతుంది.

ఇక చేయవలసింది. ఆయకట్టు 40 హెక్టార్లు దాటిన కమ్మాయి నీటివనరుల శాఖది, అంతకు తక్కువైతే పంచాయతీ యూనియన్‌ది. మీ ఊరి కమ్మాయి ఏ చేతిలో ఉందో ముందు కనుక్కోండి, లేకపోతే అర్జీ ఒక బల్లనుంచి ఇంకో బల్లకి తిరుగుతుంది. పల్లెల్లో అక్టోబరు 2 గ్రామసభ ఉంది, పెద్ద వానలకి ముందు అదే సరైన రోజు. కారియాపట్టి పేరూరాట్చి (పట్టణ పంచాయతీ) కాబట్టి ఇక్కడ ఉన్న మనకి గ్రామసభ లేదు. మన వార్డు కౌన్సిలరుకి ఒక ప్రతి, సోమవారం విరుదునగర్ కలెక్టరాఫీసు గ్రీవెన్సులో ఒక ప్రతి ఇవ్వాలి. అడుగుతున్న తీర్మానం ఇది:

“మా ఊరి కమ్మాయి కట్ట మీద నడిచేవారికీ పశువులకీ సైకిళ్లు దారి ఇవ్వాలి. పరిగెత్తేవాడి వేగం దాటకూడదు. వాన పడిన తర్వాత మట్టి కాలికి అంటుకోనంతగా ఆరేదాకా సైకిలు ఎక్కించకూడదు. వాలు మీద ఎప్పుడూ దిగకూడదు. వ్యవసాయ పనికి తప్ప మోటారు బళ్లు నిషేధం. ఏటా సెప్టెంబరులోగా దారి అంచున సీమకరువేలం నరికించాలి. కట్ట ఎక్కే ప్రతిచోటా ఈ నిబంధనలు రాసిన పలక పెట్టాలి.”

సంతకాలు నడిచేవాళ్లవే ఉంటే ఇది సైకిళ్ల మీద ఫిర్యాదు అనుకుంటారు. ప్రతి కాగితం మీదా కనీసం సగం సంతకాలు సైకిలు తొక్కేవాళ్లవి ఉండాలి, అందులో బడిపిల్లల తల్లుల పేర్లూ ఉండాలి.